వాస్కులైటిస్ టెస్టులు, రీసెర్చ్ స్టడీలు: తిరుపతి, చిత్తూరు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

వాస్కులైటిస్ అంటే ఏంది, సింపుల్‌గా చెప్పండి?

రోగాల మీద పోరాడాల్సిన మన ఇమ్యూనిటీ మన రక్తనాళాల గోడల మీదే పడితే ఆ గోడలు వాస్తాయి, వాచిన చోట నాళం సన్నబడి రక్తం సరిగ్గా పోదు, లేదంటే గోడ బలహీనపడి ఉబ్బుతుంది, ఒక్కోసారి చిట్లుతుంది. ఏ సైజు నాళం అనేదాన్ని బట్టి జబ్బు పేరు, లక్షణాలు మారిపోతాయి. గుండె నుంచి బయల్దేరే పెద్ద నాళాల్లో వస్తే తకయాసు, యాభై దాటినోళ్ళలో అయితే జెయింట్ సెల్, మధ్య సైజు వాటిల్లో పాలీఆర్టెరైటిస్ నోడోసా, పిల్లల్లో కవాసకి, చిన్న నాళాల్లో జీపీఏ (గ్రాన్యులోమాటోసిస్ విత్ పాలీయాంజైటిస్), ఎంపీఏ (మైక్రోస్కోపిక్ పాలీయాంజైటిస్), ఈజీపీఏ (ఈసినోఫిలిక్ జీపీఏ) అనే మూడు రకాలు, వీటిని ఆంకా అనే యాంటీబాడీలతో ముడిపెడతారు, ఇంకా ఐజీఏ వాస్కులైటిస్. ఈ సైజుల లెక్క అమెరికాలోని చాపెల్ హిల్‌లో 1994లో నిపుణులు కూర్చుని రాసింది, 2012లో దాన్నే సవరించారు, మీ రిపోర్టుల్లో కనిపించే పేర్లు చాలావరకు ఆడి నుంచి వచ్చినవే.

మా అమ్మకి నెలలుగా జ్వరం, కీళ్ళ నొప్పులు, బరువు తగ్గిపోయింది. ఇంతమంది డాక్టర్లు చూసినా ఎందుకు పట్టుకోలేకపోయారు?

కోపం వస్తుంది, అర్థం చేసుకోగలం. కానీ వాళ్ళ వైపు నుంచి కూడా చూడండి. జ్వరం, నీరసం, ఒళ్ళు నొప్పులు అని ఒకరు వస్తే మన వైపు డాక్టర్ ముందు టైఫాయిడ్, డెంగీ, వానల తర్వాత అయితే స్క్రబ్ టైఫస్, దగ్గు కూడా ఉంటే టీబీ అనుకుంటారు, అట్ల అనుకోవడమే కరెక్టు ఎందుకంటే అవే ఎక్కువ, అవే ముందు చంపేవి. వాస్కులైటిస్ అరుదు. పైగా ముక్కు సమస్యకి ఈఎన్‌టీ డాక్టర్, కాళ్ళ తిమ్మిర్లకి న్యూరో, మూత్రంలో ప్రోటీన్‌కి కిడ్నీ డాక్టర్, మచ్చలకి స్కిన్ డాక్టర్ అని తిరుగుతా ఉంటారు, ఒక్కొక్కరూ ఒక్కో ముక్కే చూస్తారు, అన్ని కాగితాలూ ఒకే బల్ల మీద పెట్టి చూసేవాళ్ళు దొరికేదాకా బొమ్మ పూర్తి కాదు. అందుకే పేషెంట్ పక్కన ఉండేవాళ్ళకి నేను ఎప్పుడూ చెప్పేది, ఫైలు తేదీల వరసలో పెట్టుకోండి, ప్రతి డాక్టర్ దగ్గరికీ మొత్తం ఫైలు తీసుకుపోండి, ముక్కు డాక్టర్‌కి కిడ్నీ రిపోర్ట్ ఎందుకులే అని ఇంట్లో పెట్టేసి రావద్దు.

ఆంకా పాజిటివ్ వచ్చింది. జబ్బు ఉన్నట్టేనా?

ఎక్కువమంది అడిగేది ఇదే, అందుకే కొంచెం వివరంగా చెప్తా.

ఆంకా అంటే మన తెల్ల రక్తకణాల్లోని ప్రోటీన్లకి వ్యతిరేకంగా మన ఒళ్ళే తయారుచేసే యాంటీబాడీలు. 1982లో ఆస్ట్రేలియా వాళ్ళు మొదటిసారి రాశారు, 1985లో యూరప్ నుంచి వచ్చిన పేపర్ దీన్ని ఇప్పుడు జీపీఏ అనే జబ్బుకి ముడిపెట్టింది. టెస్ట్ రెండు రకాలు. ఒకటి మైక్రోస్కోప్ కింద మెరుపు చూసే పద్ధతి, అందులో సీ ఆంకా, పీ ఆంకా అని వస్తాయి. రెండోది పీఆర్3, ఎంపీఓ అనే ప్రోటీన్లకి విడివిడిగా నంబర్ ఇచ్చే ఎలైజా లాంటి టెస్ట్. మునుపు మెరుపు టెస్ట్ ముందు, ఎలైజా తర్వాత అనేవాళ్ళు, 2017లో అంతర్జాతీయ నిపుణులు కలిసి మంచి క్వాలిటీ పీఆర్3, ఎంపీఓ టెస్టులే ముందు చెయ్యండి అని సిఫారసు మార్చేశారు. కాబట్టి మీ రిపోర్ట్‌లో ఉత్త పీ ఆంకా పాజిటివ్ అని మాత్రమే ఉంటే కంగారు పడకుండా ఎంపీఓ నంబర్ ఎంత అని అడగండి.

ఇంక అసలు సంగతి. టీబీ ఉన్నవాళ్ళకి, గుండె కవాటాల్లో ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ళకి, పేగుల వాపు జబ్బు ఉన్నవాళ్ళకి కూడా ఆంకా పాజిటివ్ రావచ్చు, బీపీకి వాడే హైడ్రలజిన్, థైరాయిడ్ ఎక్కువైతే ఇచ్చే ప్రొపైల్‌థయోయురాసిల్ వల్ల కూడా వస్తుంది. ఊరికే ఒక లెక్క వేసి చూద్దాం, నిజమైన స్టడీ కాదు, అర్థం కావడానికే. మామూలు జ్వరం, ఒళ్ళు నొప్పులతో వచ్చిన 1,000 మందికి ఈ టెస్ట్ చేశారు అనుకోండి, వాళ్ళలో నిజంగా జబ్బు ఉండేది 2 మందికి, టెస్ట్ నూటికి 5 మందిలో తప్పుగా పాజిటివ్ చూపిస్తుంది. అప్పుడు ఆ ఇద్దరితో పాటు దాదాపు 50 మంది పాజిటివ్ కాగితం పట్టుకుని ఏడుస్తా కూర్చుంటారు. అదే టెస్ట్‌ని ముక్కులోంచి రక్తం, దగ్గులో రక్తం, మూత్రంలో రక్తం మూడూ ఉన్న మనిషికి చేస్తే పాజిటివ్‌కి విలువ ఎక్కడికో పోతుంది. టెస్ట్ అదే, మనిషి వేరు. హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో ఆంకా కూడా కలిపి అమ్మడం నాకైతే డబ్బు దండగ అనిపిస్తుంది.

తిరగేసి కూడా చెప్పాలి. నెగటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు. ఆస్తమాతో మొదలయ్యే ఈజీపీఏలో సగం మందికి కూడా పాజిటివ్ రాదు, తకయాసుకి, ఐజీఏ వాస్కులైటిస్‌కి అయితే ఈ టెస్ట్‌కి సంబంధమే లేదు.

ఎక్స్‌రేలో ఊపిరితిత్తిలో గుంత ఉందని ఒకరు టీబీ అన్నారు, ఇంకొకరు జీపీఏ అంటా ఉండారు. ఎవర్ని నమ్మాలి?

ఇద్దరిలో ఎవర్నీ వెంటనే నమ్మొద్దు, టెస్టుల్ని పూర్తి చెయ్యనివ్వండి. రెండిట్లోనూ జ్వరం, బరువు తగ్గడం, దగ్గులో రక్తం, స్కాన్‌లో గుంతలు ఉంటాయి, బయాప్సీలో కనిపించే గ్రాన్యులోమా, అంటే వాపు కణాల చిన్న గడ్డ, కూడా రెండిట్లో వస్తుంది. అందుకే కఫాన్ని సీబీనాట్‌కి (టీబీ క్రిమి జన్యువుని పట్టే టెస్ట్), కల్చర్‌కి పంపుతారు, సీబీనాట్ ప్రభుత్వ టీబీ ప్రోగ్రాంలో ఫ్రీ. ముక్కులో పక్కులు కట్టడం, రక్తం రావడం, చెవి వినపడకపోవడం, కళ్ళు ఎర్రబడటం, మూత్రంలో రక్తకణాలు, పాదం పైకి లేవకపోవడం లాంటివి తోడైతే డాక్టర్ జీపీఏ వైపు మొగ్గుతారు.

తొందర పడకూడదు అనేది ఎందుకంటే, టీబీ ఉన్న మనిషికి జీపీఏ అనుకుని ఇమ్యూనిటీని అణిచే స్టెరాయిడ్, సైక్లోఫాస్ఫమైడ్ పెడితే టీబీ ఒళ్ళంతా పాకుతుంది, జీపీఏ ఉన్న మనిషికి టీబీ అనుకుని ఆరు నెలల మందులు వాడిస్తే ఆ లోపల కిడ్నీలు పోతాయి. పాశ్చాత్య దేశాల పేపర్లలో ఈ బాధ అంతగా కనపడదు, అక్కడ టీబీ తక్కువ. అందుకే మన పేషెంట్ల మీద మన దగ్గరే స్టడీలు జరగాలి, వాళ్ళ నంబర్లు తెచ్చి మనకి అతికిస్తే సరిపోదు.

మా చెల్లెలికి ఎడమ చేతిలో నాడి దొరకడం లేదంట. వయసు 24. ఇది తకయాసేనా?

అనుమానించాల్సిన వయసే. తకయాసు ఎక్కువగా ఆసియా దేశాల్లో, వయసులో ఉండే ఆడపిల్లల్లో వస్తుంది. 1908లో జపాన్ కంటి డాక్టర్ మికిటో తకయాసు ఒక అమ్మాయి రెటీనాలో వింత రక్తనాళాలు చూసి చెప్పిన కేసుతో ఈ పేరు వచ్చింది. బట్టలు పిండతా ఉంటే చెయ్యి పీకేస్తుంది, కాసేపు ఆపితే తగ్గుతుంది. అలిపిరి మెట్లెక్కుతా ఉంటే పిక్కలు పట్టేస్తాయి, కూర్చుంటే సర్దుకుంటాయి. ఇంట్లోవాళ్ళు రక్తం తక్కువ, బలం లేదు అని ఐరన్ మాత్రలు ఇస్తా ఉంటారు.

రెండు చేతులకీ బీపీ చూపించండి. పైసా ఖర్చు లేదు. పై బీపీలో 10 కంటే ఎక్కువ తేడా ఉంటే డాక్టర్‌కి అది ఒక క్లూ. ఇంకో ముఖ్యమైన విషయం, చెయ్యి నాళం సన్నబడిపోయి ఉంటే ఆ చేతిలో బీపీ తక్కువగా చూపిస్తుంది గానీ అసలు బీపీ చాలా ఎక్కువ ఉండొచ్చు, కిడ్నీకి పోయే నాళం కూడా దెబ్బతిన్నవాళ్ళలో ఇది మామూలే, అప్పుడు కాలికి బీపీ చూడాల్సి వస్తుంది. స్టెత్‌తో మెడ మీద, కాలర్ ఎముక పైన, పొట్ట మీద వింటే బుస్సుమనే శబ్దం వినపడొచ్చు.

ఆ తర్వాత సీటీ యాంజియో లేదా ఎంఆర్ యాంజియో, మెడకి డాప్లర్. ఇక్కడ రూల్స్ ఎట్ల మారాయో చూడండి, 1990 అమెరికన్ క్రైటీరియాలో 40 ఏళ్ళలోపు జబ్బు మొదలవ్వడం ఒక పాయింట్, 2022లో వచ్చిన కొత్తవాటిలో 60 ఏళ్ళలోపు అయి ఉండాలి, స్కాన్‌లో పెద్ద నాళాల్లో వాపు కచ్చితంగా కనపడాలి, ఈ రెండూ లేకపోతే స్కోర్ మొదలే పెట్టరు. మధ్యలో మన దేశం పని కూడా ఉంది, చండీగఢ్ నుంచి శర్మ గారి బృందం 1990ల్లో పాత జపాన్ క్రైటీరియాని మన పేషెంట్లకి తగ్గట్టు సవరించింది, జబ్బు ఎంత యాక్టివ్‌గా ఉందో కొలిచే ఐటాస్2010 అనే స్కోర్ కూడా భారతీయ రుమటాలజిస్టులు తయారుచేసిందే, అందులో మన పక్కనే ఉండే రాయవేలూరు సీఎంసీ ఆస్పత్రి వాళ్ళ పాత్ర పెద్దది.

బయాప్సీ తప్పనిసరా? ముక్క తీస్తే జబ్బు పాకుతుంది అంటారు.

పాకదు. వాపు ఉన్న చోటు నుంచి ముక్క తీసి చూడటమే చిన్న నాళాల జబ్బుల్లో అన్నిటికంటే గట్టి ఆధారం.

చర్మం మీద మచ్చ అయితే కొత్త మచ్చ కావాలి, వచ్చిన 24 నుంచి 48 గంటల లోపలిది బెస్ట్, వారం అయితే అసలు సంగతి చెరిగిపోతుంది. అదీగాక ఐజీఏ వాస్కులైటిస్ అనుమానం ఉంటే ఇమ్యునోఫ్లోరెసెన్స్‌కి (ముక్కలో యాంటీబాడీలు మెరుస్తాయా అని చూసే టెస్ట్) ఇంకో ముక్క వేరే ద్రవంలో పంపాలి, ఫార్మలిన్‌లో వేస్తే ఆ టెస్ట్ పనికిరాదు. ముక్క తీసేముందే "సార్, ఇమ్యునోఫ్లోరెసెన్స్ కూడా పంపుతా ఉండారా" అని అడగండి, తప్పేం కాదు.

కిడ్నీ బయాప్సీ అంటే భయం ఎక్కువ. లోకల్ మత్తు ఇచ్చి అల్ట్రాసౌండ్‌లో చూస్తా సూదితో తీస్తారు, తర్వాత కొన్ని గంటలు కదలకుండా పడుకోవాలి. రిస్క్ అంటే ముఖ్యంగా రక్తం కారడం, అందుకే ముందు బీపీ కంట్రోల్ చేస్తారు, ఆస్పిరిన్ లాంటి రక్తం పల్చబడే మందులు వాడతా ఉంటే తప్పకుండా చెప్పాలి.

జెయింట్ సెల్‌లో కణత దగ్గరి నాళం తీస్తారు, వాపు నాళం పొడుగునా ఉండదు, తెంపులు తెంపులుగా ఉంటుంది, తీసిన ముక్కలో మంచి భాగమే పడితే నార్మల్ అని వచ్చేస్తుంది. దీని మీద 2016లో బ్రిటన్ నుంచి వచ్చిన టాబుల్ అనే స్టడీ నాకు చాలా నచ్చుతుంది. 381 మందికి బయాప్సీ, అల్ట్రాసౌండ్ రెండూ చేశారు, బయాప్సీ పట్టుకుంది జబ్బు ఉన్నవాళ్ళలో నూటికి 39 మందిని, అల్ట్రాసౌండ్ 54 మందిని. కానీ జబ్బు లేనివాళ్ళని లేదని చెప్పడంలో బయాప్సీ నూటికి నూరు, అల్ట్రాసౌండ్ 81. ఇందులో ఏది గొప్ప? బయాప్సీ పాజిటివ్ వస్తే నమ్మొచ్చు, నెగటివ్ వస్తే నమ్మలేం. అల్ట్రాసౌండ్ ఎక్కువమందిని పట్టుకుంటుంది గానీ కొందరిని ఊరికే ఇరికిస్తుంది, అదీ చేసే డాక్టర్ చెయ్యి మీద చాలా ఆధారపడి ఉంటుంది. జెయింట్ సెల్ మన దగ్గర తక్కువే అయినా టెస్టుల్ని ఎట్ల పోల్చాలో నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

వచ్చిన ప్రతిసారీ మూత్రం టెస్ట్ ఎందుకు? నొప్పి కూడా లేదు కదా.

నొప్పి లేదు కాబట్టే. కిడ్నీలోని చిన్న నాళాలు వాస్తే కిడ్నీ పనితనం చూపించే క్రియాటినిన్ పెరిగేదాకా ఒంటికి ఏమీ తెలియదు, మూత్రంలో మాత్రం రక్తకణాలు, ప్రోటీన్ ముందే కనపడతాయి. ఇన్ని వేల రూపాయల స్కాన్ల మధ్య అన్నిటికన్నా చవకైన టెస్ట్ ఇదే. మూత్రంలో సీడీ163 అనే ప్రోటీన్‌ని కొలిస్తే కిడ్నీలో వాపు యాక్టివ్‌గా ఉందో లేదో తెలుస్తుందని 2016 నుంచి పేపర్లు వస్తా ఉండాయి, మీ దగ్గర ఎక్స్‌ట్రా యూరిన్ డబ్బా అడిగితే ఇట్లాంటి రీసెర్చ్ కోసమే అయ్యుండొచ్చు.

పెట్ స్కాన్‌కి డేట్ ఇచ్చారు, ఈలోపు స్టెరాయిడ్ మొదలుపెట్టొచ్చా?

మీరు డిసైడ్ చెయ్యొద్దు, డాక్టర్‌ని అడగండి. స్టెరాయిడ్ మొదలుపెట్టాక మొదటి మూడు రోజుల్లో చేస్తే పర్లేదు, పది రోజులు దాటితే వాపు మెరుపు తగ్గిపోయి స్కాన్ నార్మల్‌గా కనిపించే అవకాశం పెరుగుతుంది. షుగర్ కంట్రోల్‌లో లేకపోయినా స్కాన్ సరిగ్గా రాదు. అయితే జెయింట్ సెల్‌లో చూపు మసకబారితే స్కాన్ కోసం ఒక్క గంట కూడా ఆగకూడదు, చూపు పోతే తిరిగి రాదు.

ఇంకోటి, ఎవరో ఇచ్చిన కీళ్ళ నొప్పుల పొడి, పొట్లాల మందు వాడతా ఉంటే దాచకుండా చెప్పండి. కొన్నిట్లో స్టెరాయిడ్ కలిపేసి ఉంటుంది, మీకు తెలియకుండానే టెస్టులన్నీ తారుమారు అవుతాయి.

ఇంటర్నెట్‌లో జీపీఏకి 2022లో వచ్చిన స్కోర్ చూసి మా నాన్నకి లెక్క వేశా, 5 రాలేదు. జబ్బు లేదనుకోవచ్చా?

వద్దు సామీ. ఆ స్కోర్ జబ్బు కనిపెట్టడానికి చేసింది కాదు, స్టడీల్లో ఒకే రకం పేషెంట్లని ఒక గుంపులో పెట్టడానికి చేసింది. ముందు డాక్టర్ ఇది చిన్న లేదా మధ్య నాళాల వాస్కులైటిస్ అని తేల్చాలి, దానిలా కనిపించే మిగతా జబ్బుల్ని పక్కకి పెట్టాలి, ఆ తర్వాతే స్కోర్, అని ఆ పేపర్లలోనే రాసి ఉంది, కానీ ఆన్‌లైన్ క్యాలిక్యులేటర్‌లో ఆ లైన్ ఎవరు చదువుతారు.

దాని వెనకాల పని మాత్రం చాలా పెద్దది. డీసీవాస్ అనే స్టడీ, ఆక్స్‌ఫర్డ్ నుంచి నడిచింది, 2011 నుంచి 2017 దాకా 32 దేశాల్లో దాదాపు 7,000 మందిని చేర్చారు. వాస్కులైటిస్ ఉన్నవాళ్ళనే కాదు, దానిలా కనిపించి చివరికి వేరే జబ్బు అని తేలినవాళ్ళని కూడా తీసుకున్నారు. ఇది ఎందుకు ముఖ్యమంటే, ఒక టెస్ట్‌ని బాగా జబ్బు ముదిరినవాళ్ళ మీద, పూర్తి ఆరోగ్యంగా ఉండే మెడికల్ స్టూడెంట్ల మీద పెట్టి పోలిస్తే ఏ టెస్టైనా అద్భుతంగా కనిపిస్తుంది. అసలు పరీక్ష టీబీ పేషెంట్ పక్కన పెట్టినప్పుడే.

ఆ స్కోర్లలో మైనస్ మార్కులు కూడా ఉంటాయి. జీపీఏలో పీఆర్3 పాజిటివ్‌కి 5 పాయింట్లు, ముక్కు లక్షణాలకి 3, ఈసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) 1,000 లేదా అంతకంటే ఎక్కువుంటే మైనస్ 4. ఈజీపీఏలో అవే ఈసినోఫిల్స్‌కి ప్లస్ 5. జీపీఏ, ఎంపీఏకి మొత్తం 5 గానీ అంతకంటే ఎక్కువ గానీ రావాలి, ఈజీపీఏకి 6 గానీ అంతకంటే ఎక్కువ గానీ. నాకు ఒక చిన్న అభ్యంతరం ఉంది, పీఆర్3 ఒక్కటే 5 పాయింట్లు తెచ్చేస్తుంది కాబట్టి ల్యాబ్ క్వాలిటీ సరిగ్గా లేని చోట ఈ లెక్క మొత్తం పక్కకి ఒరిగిపోయే ప్రమాదం ఉంది.

జబ్బు కనిపెట్టే స్టడీలో చేరమంటా ఉండారు. కొత్త మందులు మా మీద టెస్ట్ చేస్తారా?

డయాగ్నసిస్ స్టడీ వేరు, మందుల ట్రయల్ వేరు. మొదటిదాంట్లో సాధారణంగా కొంచెం ఎక్స్‌ట్రా రక్తం, యూరిన్, కొన్ని ప్రశ్నలు, ఒక్కోసారి అదనపు స్కాన్, ఆరు నెలలకో ఏడాదికో మళ్ళా చూపించుకోవడం ఉంటాయి. మీ ట్రీట్‌మెంట్ మీ డాక్టరే చూస్తారు. మళ్ళా మళ్ళా రమ్మనడం ఎందుకు అని విసుక్కుంటారు గానీ, మొదటి రోజు అనుమానం నిజమా కాదా అనేది చాలాసార్లు కొన్ని నెలలు పోయాకే తేలుతుంది. అట్లనే స్కాన్ చదివే డాక్టర్‌కి మీ రక్తం రిపోర్ట్ చూపించరు, తెలిస్తే కన్ను అటే పోతుంది.

సంతకం పెట్టేముందు ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా అని అడగండి. మందుల ట్రయల్ అయితే 2009 జూన్ 15 నుంచి సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు తప్పనిసరి, ఆ నంబర్ అడిగి ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. ట్రయల్ వల్ల దెబ్బ తగిలితే వైద్యం, నష్టపరిహారం సంగతి 2019 రూల్స్‌లో ఉంది. రీసెర్చ్ కోసమే చేసే టెస్టులకి డబ్బు మీ దగ్గర తీసుకోకూడదు. మిగిలిన రక్తం దాచిపెడతారా, జీన్ టెస్ట్ చేస్తారా, వేరే ఊరికి పంపుతారా, ఇవి ఫారంలో ఉండాలి. మీకు చదవొచ్చే భాషలో ఫారం అడగండి, నగరి, సత్యవేడు వైపు వాళ్ళకి తమిళం సులువుగా ఉంటే తమిళంలోనే అడగండి. చదవడం రానివాళ్ళు వేలిముద్ర వేసేటప్పుడు స్టడీకి సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. ఎప్పుడైనా మానుకోవచ్చు, దానికోసం వైద్యం ఆపరు. ఫారం ఇంటికి తీసుకుపోయి ఒక రాత్రి ఆలోచించుకుంటాం అంటే ముఖం చిట్లించే వాళ్ళ దగ్గర చేరకండి.

జీన్ టెస్ట్ అవసరమా?

అందరికీ కాదు. పిల్లల్లో పాలీఆర్టెరైటిస్‌లా ఉండి చిన్న వయసులోనే స్ట్రోక్ వస్తే డాడా2 అనే జన్యు జబ్బు చూస్తారు, అది 2014లో బయటపడింది. యాభై దాటిన మగవాళ్ళలో ఆగని జ్వరం, మచ్చలు, చెవి మెత్తని ఎముక వాపు, రక్తకణాలు తగ్గడం కలిసి ఉంటే వెక్సాస్, అది 2020లో తెలిసింది, దానికి యూబీఏ1 అనే జీన్ చూస్తారు. వాస్కులైటిస్ అని ఏళ్ళ తరబడి మందులు వాడినవాళ్ళలో కొందరిది ఇది అని ఇప్పుడు తేలుతోంది.

తిరుపతిలోనే అవుతుందా, రాయవేలూరు పోవాల్సిందేనా?

మొదటి అడుగులకి ఎక్కడికీ పోనక్కర్లేదు. బీపీ, మూత్రం, ఒంట్లో వాపుని చూపించే ఈఎస్ఆర్, సీఆర్‌పీ, క్రియాటినిన్, ఎక్స్‌రే, కఫం టెస్ట్ చిత్తూరులో, మదనపల్లెలో కూడా అవుతాయి. కిడ్నీ డాక్టర్, గుండె డాక్టర్, బయాప్సీ కావాల్సి వస్తే తిరుపతిలోనే రుయా, స్విమ్స్ ఆస్పత్రులు ఉండాయి. చిత్తూరు, పలమనేరు వాళ్ళకి రాయవేలూరు దగ్గర కాబట్టి అటు పోతారు, తప్పేం లేదు. ఎక్కడికి పోయినా స్కాన్ సీడీ, బయాప్సీ స్లైడ్లు, ముక్క ఉండే మైనపు బ్లాక్ కూడా ల్యాబ్ నుంచి అడిగి తీసుకుపోండి, ఉత్త రిపోర్ట్ కాగితం పట్టుకుపోతే మళ్ళా ముక్క తియ్యాల్సి రావచ్చు. వైద్య సేవ కార్డు ఉంటే ఏ టెస్ట్ దాని కిందికి వస్తుందో ఆస్పత్రిలో ఉండే వైద్యమిత్రని అడ్మిట్ అవ్వకముందే కనుక్కోండి.

ఏం జరిగితే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి పోవాలి?

దగ్గులో రక్తం, ఆయాసం. ఉన్నట్టుండి చూపు తగ్గడం. మూత్రం బాగా తగ్గిపోయి ముఖం, కాళ్ళు వాయడం. పాదం లేదా మణికట్టు వాలిపోవడం. తట్టుకోలేని కడుపునొప్పితో పాటు మలంలో రక్తం. వేళ్ళ చివర్లు నల్లబడటం. మూతి వంకర, మాట తడబాటు. ఇవి ఉంటే అర్ధరాత్రి అయినా 108కి ఫోన్ చేసి బయల్దేరండి, ఫైలు, వాడే మందుల చీటీ చేతిలో పెట్టుకోండి.

స్టడీ అయిపోయాక మా రిజల్ట్ మాకు చెప్తారా?

మీ వైద్యానికి పనికొచ్చే టెస్టులు, అంటే స్కాన్, బయాప్సీ, ఆంకా లాంటివి మీ డాక్టర్‌కి వస్తాయి, కాపీ అడిగి తీసుకోండి. ఇంకా పరిశోధనలో ఉండే కొత్త ప్రోటీన్ల నంబర్లు మాత్రం చాలా స్టడీల్లో ఒక్కొక్కరికీ విడిగా ఇవ్వరు, ఆ నంబర్ ఎంతుంటే ఏమిటి అనేది తేల్చడానికే కదా స్టడీ పెట్టింది. ఇస్తారా ఇవ్వరా అనేది కూడా సంతకం పెట్టే ఫారంలోనే ఉంటుంది, ఎక్కువగా చివరి పేజీల్లో, ఎవరూ తిప్పని చోట.